ఇరవై ఒకటా, పన్నెండా

ఎంటర్ కొట్టిన మరుక్షణం స్క్రీన్ బిగుసుకుపోయింది. సప్లీ మళ్లీ కొట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, నెట్‌వర్క్ ల్యాబ్ పరీక్ష మీదికి ఇది మూడో దండయాత్ర కావడంతో క్లాసంతా అతన్ని సప్లీ అనే పిలుస్తుంది. నాలుగో అవకాశం ఇవ్వరు. ఈసారి పోతే నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదువూ నీళ్లపాలే.

ఇచ్చిన పని చిన్నదే. పక్క గదిలో ఉన్న రౌటర్‌లోకి ఇక్కడినుంచే వెళ్లి, బయటివాళ్లెవరూ అందులోకి రాకుండా రూల్ పెట్టాలి. ముందు ‘నన్ను రానివ్వు’ అని చెప్పుకోవాలి, ఆ తర్వాతే ‘మిగతా అందరినీ ఆపు’ అనాలి. సప్లీ కంగారులో వరస తిరగేశాడు. రౌటర్ బుద్ధిగా మొట్టమొదట అతన్నే బయటికి గెంటింది. నెట్‌వర్క్ చదివేవాళ్లలో ఈ ఘనకార్యం ఒక్కసారైనా చెయ్యనివాళ్లుండరు. కాకపోతే పరీక్షలో ఎవరూ చెయ్యరు.

సరే, మార్కులు పోయాయి అనుకుని తల పట్టుకున్నాడు. అంతలో ఆఫీసు గుమస్తా రొప్పుకుంటూ వచ్చి ల్యాబ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. యూనివర్సిటీ మొత్తానికి నెట్ లేదట. అడ్మిషన్ల దరఖాస్తులకి ఇవాళే ఆఖరు రోజట. కౌంటర్ల దగ్గర జనం కొట్టుకు చస్తున్నారట, వైస్ చాన్సలర్ గారు కారణం చెప్పమని కూర్చున్నారట.

సప్లీ చప్పున స్క్రీన్ వైపు తిరిగాడు. పరీక్షకి ఇచ్చిన రౌటర్ నంబరు చివర ఇరవై ఒకటి. యూనివర్సిటీ అంతటికీ నెట్ ఇచ్చే పెద్ద రౌటర్ నంబరు చివర పన్నెండు. రెండింటికీ పాస్‌వర్డ్ ఒకటేనన్నది క్లాసులో అందరికీ తెలిసిన రహస్యం. మరి తను కొట్టింది ఇరవై ఒకటా, పన్నెండా? వెనక్కి వెళ్లి చూద్దామంటే స్క్రీన్ కదలదు. గుర్తు తెచ్చుకోబోతే ఒకసారి ఇదీ, ఒకసారి అదీ అనిపిస్తోంది. తలచుకున్న కొద్దీ పన్నెండే కళ్ల ముందు కనబడసాగింది.

ల్యాబ్ సార్ మాత్రం క్షణం తడుముకోలేదు. గది తుడిచేటప్పుడు అటెండర్ తీగలు లాగేసి ఉంటాడని గుమస్తాతో చెప్పేశారు. తలుపు పక్కనే నిలబడి ఉన్న, పిల్లలందరూ బాబాయ్ అని పిలిచే ఆ అటెండర్‌కి ఇంకో రెండేళ్లే సర్వీసు ఉంది. అతను కాదనలేదు, అవుననలేదు. తల వంచుకుని గుమస్తా వెనకాలే వెళ్లిపోయాడు. సస్పెన్షన్ కాగితం టైపు చేయిస్తామని గుమస్తా పోతూ పోతూ అనడం అందరికీ వినబడింది.

ల్యాబ్‌లో మళ్లీ కీబోర్డుల చప్పుడు మొదలైంది. ఏసీ చల్లదనం పోకుండా కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. సప్లీకి చొక్కా తడిసిపోయింది. నోరు విప్పితే తన చదువు పోతుంది. ఊరుకుంటే బాబాయ్ ఉద్యోగం పోతుంది. మంచినీళ్లు తాగొస్తానని లేచాడు. టైమయ్యేదాకా ఎవరూ బయటికి వెళ్లడానికి వీల్లేదని సార్ కూర్చోబెట్టారు. ఇంకా నలభై నిమిషాలుంది. అంతసేపూ కదలని స్క్రీన్‌ని చూస్తూ కూర్చున్నాడు. భయమేసింది. తనకంటే ముందు నిజం ఇంకెవరైనా కనిపెడితే బాగుండునని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

టైమైంది. అందరూ వెళ్లిపోయారు. సప్లీ సార్ టేబుల్ ముందుకి వెళ్లి నిలబడ్డాడు.

“సార్, బాబాయ్ తీగలు ముట్టుకోలేదు. నేనే నంబరు తిరగేసి, పెద్ద రౌటర్‌లోకి వెళ్లి రూల్ పెట్టినట్టున్నాను.”

సార్ లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు.

“ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదు సార్.”

“నువ్వేనని ఖచ్చితంగా తెలుసా?”

తెలియదంటే తప్పు మళ్లీ బాబాయ్ నెత్తికే చుట్టుకుంటుంది. “నేనే సార్” అన్నాడు సప్లీ.

సార్ ఒక తెల్లకాగితమూ, తన పెన్నూ అతని ముందుకి జరిపారు. ఉన్నది ఉన్నట్టు రాసిస్తే విచారణ కమిటీ దయ తలుస్తుందన్నారు. ‘పెట్టినట్టున్నాను’ అని రాస్తే కొట్టేసి, ‘పెట్టాను’ అని రాయించారు. సంతకమూ, హాల్ టికెట్ నంబరూ పెట్టించారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని సప్లీ భుజం తట్టారు. తప్పు ఒప్పుకోవడానికి గుండె ధైర్యం కావాలని మెచ్చుకున్నారు కూడా.

ఆఫీసు బయట బల్ల మీద బాబాయ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అతన్ని చూడగానే సప్లీకి ఏడుపొచ్చింది. చదువు పోయినందుకు దుఃఖంగానూ ఉంది, ఈ మనిషి గట్టెక్కినందుకు తేలికగానూ ఉంది.

“నీకింకేం భయం లేదు బాబాయ్. తప్పంతా నాదేనని సార్‌కి రాసిచ్చేశాను.”

బాబాయ్ చటుక్కున లేచి నిలబడ్డాడు. “నువ్వెందుకు రాసిచ్చావయ్యా? అది నా మీద వేసుకుంటానని సార్‌కి మాటిచ్చానుగా. నాలుగు రోజులు సస్పెన్షన్‌లో ఉంటే తర్వాత తనే సర్దేస్తానన్నారు.”

“ఎప్పుడు మాటిచ్చావు?”

“పొద్దున తొమ్మిదింటికి. మీ పరీక్షకి మిషన్లు సిద్ధం చేస్తూ సారే ఏదో తప్పు నొక్కారు. నెట్ పోయింది అప్పుడే బాబూ, నువ్వింకా గేటు లోపలికే రాలేదు.”