ర్యామ్ జత

ఆగండి, ఒక్క నిమిషం. ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పబోతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ముందు ఇది వినండి.

కాశీబుగ్గలో తిరుపతిరావు కంప్యూటర్ షాపు. ఉదయం పది.

ధరణి గేమింగ్ ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని దాదాపు పరుగున వచ్చింది.

"చచ్చాను బాబాయ్. ఇరవై నిమిషాలకోసారి నీలం తెర వచ్చి పడిపోతోంది."

"ఏటి సేసేవు పాపా దాన్ని?"

"ఆన్‌లైన్లో పదహారు జీబీ ర్యామ్ తెప్పించి, పాత ఎనిమిది పక్కన బిగించాను. వీడియో చూసే బిగించాను."

విశాఖలో ఒక గేమ్ కంపెనీ తనకి ఉద్యోగానికి పరీక్ష పెట్టిందని చెప్పింది. ఆటలోకి ఒక సముద్రపు ఊరిని కట్టి సాయంత్రం అయిదులోగా పంపాలి. ఉద్యోగం రాకపోతే వచ్చే నెల నుంచి ధరణి వాళ్ల నాన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో కూర్చోవాలి. ఆ మాట ఆయన రెండుసార్లు చెప్పేశాడు.

తిరుపతిరావు ఏదో ప్రింటర్ విప్పుకుని ఉన్నాడు. బెంచీ మీద లుంగీలో కూర్చున్న మనిషి లేచాడు.

"ఇలా ఇయ్యండమ్మా, సూత్తాను."

అతను దగ్గరికి రాగానే ఎండుచేపల వాసన వచ్చింది. ధరణి స్టూలు వెనక్కి జరుపుకుంది.

"చేతులు కడుక్కున్నావా?"

అతను వెళ్లి కడుక్కొచ్చాడు. తుడుచుకున్నాడు. ఒంటి మీది స్టాటిక్ కరెంటు దిగిపోయేలా ఇనుప ర్యాకును ఒకసారి తాకి, బ్యాటరీ వైరు ఊడదీసి, అప్పుడు కొత్త ర్యామ్ బయటికి లాగాడు.

దాని అంచున బంగారు రంగు పళ్ల మధ్య ఎర్రటి పొడి.

"ఇదేటమ్మా?"

ధరణి వంగి చూసింది.

"కుంకుమ. మా నాన్నమ్మ. కొత్త సామాను ఏదొచ్చినా బొట్టు పెట్టందే వాడనివ్వదు. ఫ్రిజ్‌కి పెట్టింది, ఇన్వర్టర్‌కి పెట్టింది, దీనికీ పెట్టింది."

"మీ నాన్నమ్మ అప్పలనరసమ్మ గారు దండ యెయ్యలేదు, అదే సంతోషం" అన్నాడు తిరుపతిరావు ప్రింటర్లోంచి తల ఎత్తకుండానే.

లుంగీ మనిషి మెత్తటి బ్రష్‌తో పొడి దులిపి, రబ్బరుతో ఆ పళ్లు రుద్ది, మళ్లీ బిగించాడు. ల్యాప్‌టాప్ ఆన్ అయింది.

"అయిపోయిందిగా. ఇచ్చేయ్."

"ఆన్ అవడం యేరు, నిలబడడం యేరు. మెమరీ టెస్ట్ పెడతాను, కూకోండి."

పది నిమిషాలకే తెర నిండా ఎర్ర గీతలు.

"మీది జీడిపప్పు ఫ్యాక్టరీ కదా. పెద్ద పప్పూ చిన్న పప్పూ కలిపి ఒకే డబ్బాలో పోత్తే ఏ రేటు కడతారు?"

"చిన్నదాని రేటే."

"ఇదీ అంతే. రెండూ మెల్లదాని స్పీడుకే దిగాల. ఈ రెండిటికీ అలా కూడా పడతం లేదు."

"కొత్తదొక్కటే ఉంచితే?"

"మీ పని సూపించండి."

ధరణి ఆ ఒక్కదానితోనే సీన్ తెరిచింది. సగం ఊరు వచ్చి ఆగిపోయింది. ఆ సగాన్నే అతను చాలాసేపు చూశాడు.

"ఈ పడవలు మీరే సేసేరా?"

"మరెవరు చేస్తారు?"

"బాగున్నాయి. దీనికి ముప్పై రెండు జీబీ కావాల. ఒకే రకం, ఒకే స్పీడు, జత. ఏ కంపెనీకి పంపాల?"

ధరణి కంపెనీ పేరు చెప్పింది.

"ఇద్దరమే మిగిలాం, ఉద్యోగం ఒక్కటి. ఆ రెండోవాడి ల్యాప్‌టాప్ కూడా ఇలాగే చావాలని రావివలస ఎండల మల్లన్నకి మొక్కుకున్నాను."

అతను తల ఊపాడు. తిరుపతిరావు గొంతు సవరించుకున్నాడు.

"జత ఉన్నాది గానీ పాపా, అది ఒకలి కోసం తెప్పించేను. ఈరోజు పట్టుకెళ్తారు."

"బాబాయ్, ప్లీజ్."

"ఆళ్లు రారు, ఇచ్చీండి" అన్నాడు లుంగీ మనిషి.

"రారంటావా?"

"రారు."

తిరుపతిరావు అతని వంక ఒకసారి చూసి, అల్మరా తెరిచాడు.

జత బిగించాక టెస్ట్ గంటసేపు నడిచింది. ఒక్క ఎర్ర గీతా లేదు.

"మీ పనోడు పర్లేదు బాబాయ్, బాగానే చేశాడు" అని ధరణి వెళ్లిపోయింది. నాలుగూ ఇరవైకి ఊరు మొత్తం పంపేసింది.

తొమ్మిదో రోజు మెయిల్ వచ్చింది. ఉద్యోగం ధరణిదే, ఆ సాయంత్రం ఆరులోగా ఒప్పుకోవాలి.

ధరణి స్వీట్ డబ్బాతో షాపుకొచ్చింది.

"మీ పనోడేడీ బాబాయ్?"

"పనోడెవులు?"

"అదే, ఆ రోజు నా ల్యాప్‌టాప్ బాగుచేసినతను. ఎండుచేపల వాసన..."

తిరుపతిరావు చేతిలో పని ఆపాడు.

"ఆడు మోహన్. ఊరు భావనపాడు. పొద్దుట బండి మీద ఎండుచేపలు అమ్ముతాడు, మిగతా టైమంతా కంప్యూటర్లో ఆటలు సేత్తాడు. ర్యామ్ పోయి నాలుగు రోజులు ఈ బెంచీ మీదే ఉన్నాడు. ఆ జత ఆడి కోసమే తెప్పించేను."

"మరి... రారన్నాడు?"

"నువ్వు కంపెనీ పేరు సెప్పినాక అన్నాడు."

ధరణి డబ్బా మూత తీయలేదు.

"ఎందుకిలా సేసేవురా అని నానూ అడిగేను. 'ఆ పాప పడవలు సూసేను బాబాయ్, నావాటి కన్నా బాగున్నాయి' అన్నాడు."

ఆ రెండోవాడు అతనే.

ఆమె ఈ ఉద్యోగం వద్దంటే, అసలు పరీక్షే పంపని మోహన్‌ని కంపెనీ పిలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఆరులోగా ఫోన్లో 'సమ్మతమే' అని నొక్కాలి, ఇప్పుడు అయిదున్నర, మీరైతే ఏం చేస్తారు?