టోపీ తీసే కారు

"తుక్కుకు ఏస్తున్నరా?"

ప్రిసిల్లా గ్రైండర్ ఆపి, కళ్లద్దాలు పైకి నెట్టి చూసింది.

గేటవతల చేతికర్రతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఆయన చూపు ఆమె మీద లేదు. కారు చుట్టూ నేల మీద పడి ఉన్న తుప్పు రేకుల మీద ఉంది.

తుక్కుకు కాదనీ, పాడైన చోటల్లా కోసేసి కొత్త రేకు వేస్తున్నాననీ చెప్పింది. ఆయన ముఖం తేటపడింది.

"అంటే రోడ్డెక్కుతదన్నట్టు."

"ఎక్కించాలనే కదండీ ఈ తిప్పలు."

అడగకుండానే గేటు తీసుకుని లోపలికొచ్చి, షెడ్డు గోడ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. పేరు సోమయ్య. ఉండేది బన్సీలాల్‌పేట్. మౌలాలి దిక్కు ఏదో పనుండి వచ్చానన్నాడు.

ప్రిసిల్లా లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసి ఈమధ్యే రిటైరయింది. సర్వీసంతా రైలు పెట్టెల తుప్పుతోనే గడిచింది. ఇంటి వెనక పట్టా కింద పడి ఉన్న నాన్న కారు తుప్పు వదిలించడానికి ఇప్పటికి తీరిక దొరికింది.

నాన్న యేసుదాసు రైల్వే స్కూల్లో మాస్టారు. ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర ఆ కారు కొన్నాడు. పైకప్పు వెనక్కి మడిచేయొచ్చు. పిల్లలు దాన్ని టోపీ తీసే కారు అనేవాళ్లు. ఆదివారం చర్చి అయ్యాక టోపీ తీసి బయల్దేరితే, తల మీద కొంగు నిలవక అమ్మ ప్రేమమణి ఒకటే నవ్వేది. వెనక సీట్లో ప్రిసిల్లా, తమ్ముడు గొంతు చించుకుని పాడేవాళ్లు. రైలు వంతెన కిందికి రాగానే ఆ పాట ఇంకా పెద్దదై తిరిగి వాళ్ల మీదే పడేది. దానికోసమే నాన్న అక్కడ కారు నెమ్మది చేసేవాడు.

ఆమెకు పదకొండేళ్లప్పుడు నాన్న ఉన్నట్టుండి కారు మీద పట్టా కప్పేశాడు. అడుగు రేకు తుప్పు పట్టింది, పిల్లలకు ప్రమాదం అన్నాడు. రిటైరయ్యేదాకా సైకిలు మీదే బడికెళ్లాడు. తను పోయేదాకా ఆ పట్టా తీయలేదు.

సోమయ్య మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత అలవాటుగా రాసాగాడు.

వెల్డింగ్ పెడుతుంటే రేకు కదలకుండా అదిమి పట్టేవాడు. కారులో ఎటెటు తిరిగేవాళ్లు, ఎవరు ఏ పక్క కూర్చునేవాళ్లు అని అడిగేవాడు. చెప్పిందే మళ్లీ చెప్పించుకునేవాడు. ప్రిసిల్లాకూ చెప్పడం బాగానే ఉండేది. అవన్నీ వినేవాళ్లు ఇంకెవరున్నారు?

ముందు ఎడమ మడ్‌గార్డుకు పెద్దగా తుప్పు లేదు, సొట్ట ఉందంతే. సరిచేసి దాన్నే ఉంచుదామనుకుంది.

"అది సుత తీసెయ్ బిడ్డా," అన్నాడు సోమయ్య. "కొత్తదే ఎయ్."

ఎందుకని అడిగితే చెప్పలేదు. పెద్దవాడి ముచ్చట కాదనడమెందుకని కొత్త రేకే వేసింది.

పని చివరికొచ్చేసరికి ఆమెకు విసుగు మొదలైంది. డోరు ఎన్నిసార్లు ఊడదీసి బిగించినా సరిగా పడటం లేదు. ప్రైమరు వాసనకు సోమయ్య దగ్గుతూనే ఉన్నాడు. దగ్గు తెరిపినివ్వగానే అదే ప్రశ్న, రోడ్డెప్పుడు ఎక్కుతది అని.

"పెద్దాయనా, మీరిలా ఎదురుగా కూర్చుని అడుగుతుంటే నాకు చెయ్యి ఆడటం లేదు. ఇంక రాకండి. అయ్యాక నేనే మీ ఇంటికి తెచ్చి ఎక్కించుకుంటాను."

సోమయ్య నొచ్చుకున్నట్టు కనిపించలేదు. మెట్లబావి వెనక సందులో ఇస్త్రీ బండి పక్క ఇల్లని గుర్తులు చెప్పాడు.

"జెర జల్ది తే బిడ్డా," అని కర్ర ఆనించుకుంటూ వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. పని సాగుతోంది, ఇదే నయమనుకుంది ప్రిసిల్లా.

రంగు వేయడం పూర్తయ్యేసరికి వానలు వెనకపట్టాయి. ఆదివారం చర్చి అయ్యాక టోపీ తీసి బన్సీలాల్‌పేట్ బయల్దేరింది. సిగ్నల్ దగ్గర ఆటోవాళ్లు చూసి నవ్వారు. వంతెన కింద ఆమె నోటికి పాట దానంతటదే వచ్చింది. పక్క సీటు ఖాళీగా ఉంచింది.

ఇస్త్రీ బండి పక్క ఇంట్లోంచి సోమయ్య కూతురు లచ్చమ్మ బయటికొచ్చింది. ఆమె వెనక గోడ మీద సోమయ్య ఫొటోకు దండ వేసి ఉంది.

ఊపిరందక పోయి నెల దాటిందట.

ప్రిసిల్లా గుమ్మంలోనే కూలబడింది. రావద్దని చెప్పింది తనేనంది.

లచ్చమ్మ మంచినీళ్లిచ్చి, కారు వైపే చూస్తూ నిలబడింది.

"మీరు యేసుదాసు సారు బిడ్డ గదా," అంది.

సారు నెలనెలా ఆ ఇంటికి వచ్చేవాడట. క్రిస్మసుకు కేకు తెచ్చేవాడట. ఎప్పుడొచ్చినా సైకిలు మీదే. వచ్చినప్పుడల్లా సోమయ్య ఆయనతో కొట్లాడేవాడట, కారు తియ్యి సారూ, పిల్లల్ని తిప్పు సారూ అని. సారు తల వంచుకుని చాయ్ తాగి వెళ్లిపోయేవాడట.

నాన్న ఏనాడూ ఇంట్లో ఈ మాట చెప్పలేదు. అన్నాళ్లు ఎదురుగా కూర్చున్న సోమయ్యా చెప్పలేదు.

"వాళ్లిద్దరికీ ఎలా పరిచయం?" అని అడిగింది ప్రిసిల్లా.

లచ్చమ్మ ఆమె పక్కన కూర్చుంది.

"అప్పుడు మా నాయన రిక్షా తొక్కెటోడు. సారు కారు తగిలి కాలు నుజ్జయింది, మళ్ల రిక్షా ఎక్కలే. తప్పు నాదే, నేనే అడ్డమొచ్చిన అని పోలీసోళ్లకు చెప్పిండు. సారేమో తప్పు నాదేనని కారు బంద్ చేసిండు. తన వల్ల సారు పిల్లల సంబురం పోయిందని మా నాయనకు ఒకటే రంధి. ఈ సంగతి తెలిస్తే మీరు సుత సారు లెక్కనే బండి ఆపేస్తరని, ఆఖరిదాక మీ ముంగట నోరు విప్పలే అక్కా."