నాలుగు వేల రెండొందల పాయింట్లు

హలో, అందరూ బాగున్నారా? నా మాట వినపడుతోందా? అయితే చేతిలో పని ఓ రెండు నిమిషాలు పక్కన పెట్టండి. కథ చిన్నదే.

"వెయ్యి పాయింట్లు చాలండి," అన్నాడు టైలరు.

"కుదరదు సార్. నాలుగు వేల రెండొందలు," అన్నాడు బల్లకి అవతల టై కట్టుకున్నాయన. నవ్వుతూనే అన్నాడు.

పాయింట్లంటే ఏం లేదు, వాళ్ళ రిసార్టుల్లో ఏటా ఉండే రోజులు. ఎన్ని పాయింట్లు కొంటే అన్ని రోజులు. ముందు ఓ పెద్ద మొత్తం, ఆ తర్వాత పదిహేనేళ్ళు నెలనెలా కట్టుకుంటూ పోవాలి.

టైలరు భార్యకి ఒళ్ళు మండింది. "బట్టల కొట్లో మీటరడిగితే మీటరిస్తారు, అర మీటరడిగితే అర మీటరిస్తారు. మీ దగ్గర ఒకటే కొలతా?"

"మీకు సరిపోయే కొలత అదేనమ్మా."

"మమ్మల్ని కొలిచిందెవరు?"

ఆయన వాచీ చూసుకున్నాడు.

హాల్లో ఇరవై బల్లలుంటాయి. ప్రతి బల్ల దగ్గరా ఓ కుటుంబం, ఓ టై. ఒక్కరూ గొంతెత్తి మాట్లాడటం లేదు. కిటికీల్లేవు. తలుపుకి అడ్డంగా ఒకడు కుర్చీ వేసుక్కూర్చున్నాడు. ఫ్రీ భోజనం, గంటలో ఇంటికెళ్ళిపోవచ్చని టైలరు బావ పొద్దున వీళ్ళని పిల్చుకొచ్చాడు. ఇప్పుడు మూడు దాటింది.

"పోనీ, అయిదు వేలు తీసుకుంటానంటే?" అన్నాడు టైలరు ఉండబట్టలేక.

"అక్కర్లేదు సార్. నాలుగు వేల రెండొందలే."

ఎక్కువ కొంటానంటే వద్దనే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా?

"ఏంట్రా బామ్మర్దీ, ఇంకా ఆలోచిస్తావు?" పక్కనుంచి బావ అందుకున్నాడు. అంత ఏసీలోనూ ఆయన చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. "నామీద నమ్మకం లేదా? మీ అక్క మీద ఒట్టు, మంచిదిరా. పెట్టెయ్ సంతకం."

భార్య టైలరు చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏమండీ, అవి మన షాపు అడ్వాన్సు డబ్బులు. ఇంకెన్నాళ్ళు ఒకళ్ళ కొట్లో కుడతారు?"

"తెలుసే. కానీ బావ అంతలా చెప్తుంటే ఎలా కాదనను? రేపు అక్క మొహం ఎలా చూడను?"

సంతకం పెట్టేశాడు.

టై కట్టుకున్నాయన లేచాడు. షేక్ హ్యాండ్ టైలరుకివ్వలేదు, బావకిచ్చాడు. "మీ నాలుగు వేల రెండొందల పాయింట్లూ ఈయన పేరు మీదకి దిగిపోయాయి సార్. మీరిక వెళ్ళొచ్చు."

బావ తలెత్తలేదు. తలుపు దగ్గరి మనిషి కుర్చీ పక్కకి జరిపాడు. బావ గబగబా బయటికెళ్ళిపోయాడు.

టైలరు కాగితం వెనక్కి తోశాడు. "మరి... నాకొద్దంటే?"

"మీరూ ఓ మనిషిని తీసుకురండి సార్. అన్ని పాయింట్లూ తీసుకునేవాడై ఉండాలి. మీ మాట కాదనలేనివాడైతే తొందరగా అయిపోతుంది." ఓ ఫ్రీ భోజనం కూపన్ బల్ల మీద ముందుకి జరిపాడు.

టైలరు ఆ కూపన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"మీ తమ్ముడికి ఈ ఆదివారం సెలవేనా?"

అంతేనండీ. విన్నారుగా, మీ వాళ్ళకి కూడా పంపండి. బావలున్నవాళ్ళకి ముందు పంపండి.