బ్రహ్మాజీ స్టీలు పలక

పగలంతా క్వారీ బ్లాస్టింగులకు టేబుల్ అదురుతుంది. అందుకే సన్నపు లేజర్ పని సుప్రజ రాత్రికే అట్టిపెట్టుకుంటుంది. ఈరోజు స్టీలు పలక మీద, క్వారీలో పోయిన బ్రహ్మాజీ ముఖం. వెంట్రుక మందంలో వందో వంతు ఉండే గీతలు. రంగు పూయకుండానే, వెలుగు పడితే రంగులీనుతాయి. పొద్దున్నే సమాధికి బిగించాలి. ఆయన భార్య అంజమ్మ బయట బల్ల మీద కాచుకుని ఉంది.

పనయ్యాక మిషన్ కట్టేసి, పలకను దీపం కింద వాల్చింది. చెంప మీద బొటనవేలి ముద్ర. స్పిరిటుతో తుడిచినా పోలేదు. మైక్రోస్కోపులో చూస్తే మరక కాదు, స్టీల్లోకి దిగిన గీతలు. మధ్యలో అడ్డంగా ఒక గాటు.

“పిన్నీ, బాబాయి బొటనవేలికి గాటుండేదా?”

“ఉలి దిగిందమ్మా, మా పెళ్ళయిన ఏడు. ఫొటోలో చెయ్యే లేదు గదా, నీకెట్టా తెలుసు?”

కట్టేసిన మిషన్ వైపు నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. సుప్రజ ప్లగ్గు కూడా పీకేసింది. చప్పుడు ఆగలేదు. మళ్ళీ మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. బొటనవేలి పక్కన చూపుడువేలి గీతలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

బయట బల్ల కిర్రుమంది. అంజమ్మ లేచి గుమ్మం దాకా వచ్చింది.

“ఆ చప్పుడేందమ్మా? మా ఆయన రాయి కొట్టేది అచ్చం అట్టాగే.”