చందాదారు నంబర్ ఒకటి

పోస్ట్‌మేన్ బాబ్జి చెప్పింది విని త్రినాధరావుకి మతి పోయింది. అనకాపల్లి నుంచి కంప్యూటర్ డీలర్ల కోసం తను నడిపిన ‘కంప్యూటర్ సంత’ మాసపత్రిక మూతపడి మూడేళ్ళయింది. ఆఖరి సంచిక ప్రూఫులు దిద్దింది తనే.

“కొండతల్లికి ఆ పుస్తకం నెలనెలా వత్తాదండి. మొన్న సోమవారం కూడా ఇచ్చేను,” అన్నాడు బాబ్జి, గొలుగొండ పోస్టాఫీసులో ఉత్తరాలు సర్దుకుంటూ. మనిషి నవ్వలేదు.

చచ్చిన బర్రె కుండెడు పాలిచ్చిందన్నట్టు త్రినాధరావు ఆ పత్రిక చరిత్ర రాస్తున్నాడు. మొదటి సంచిక తేకపోతే పుస్తకం వెయ్యనని పబ్లిషరు భీష్మించాడు. తన కాపీలు చెదలు తినేశాయి. పాత రిజిస్టరు తిరగేస్తే మొదటి పేరు గొలుగొండ పైన కొండమీద ఉండే కొండతల్లిది. ఏటా అడక్కుండానే చందా కట్టిన ఏకైక మనిషి. ఎవరో పెద్ద డీలరమ్మ అని నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాడు కూడా. ఇప్పుడు తన పత్రికని ఎవడో దొంగచాటుగా నడుపుతున్నాడన్న మాట. రగిలిపోతూ కొండెక్కాడు.

కొండతల్లి ఇంట్లో కంప్యూటర్ మాట దేవుడెరుగు, కరెంటు బల్బే లేదు. చోళ్ళు చెరుగుతున్న చేట పక్కన పెట్టి, అటక మీంచి కట్ట దించింది. నలభై సంచికలూ ఉన్నాయి. ఒక్కదానికీ రేపరు చింపలేదు. నలభై సంపాదకీయాలు కళ్ళముందు తిరిగి అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

పైదాని మీద మొన్నటి పోస్టు ముద్ర ఉంది. దాని పక్కనే ఎప్పటిదో పాత స్టాంపు, పాత ముద్ర. ఇదేమిటని అడిగాడు.

“మీరు పంపడం మానేసేరు గదా బాబూ. సంతకెళ్ళినప్పుడు ఒకటి అట్టుకెళ్ళి నేనే డబ్బాలో ఏత్తన్నాను.”

“నీ పుస్తకం నీకేనా? చదవడానికా?”

“నాకు సదువెక్కడిది?”

పాపం, ఈవిడకి మతి చలించిందనుకున్నాడు త్రినాధరావు. వాదన మాని, మొదటి సంచిక ఇమ్మని బతిమాలాడు. పది రోజుల్లో తనే తెచ్చి చేతికిస్తానని మాటిచ్చాడు.

ఇవ్వబోయిన పుస్తకాన్ని కొండతల్లి మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

“సేతికొద్దు బాబూ, పోస్టులో ఎయ్యి. పొలం తగువైన కాడినుంచి, పనుంటే గానీ మా గడప తొక్కనని ఒట్టేసుకున్నాడు మా తమ్ముడు బాబ్జి.”