డార్లీన్‌కి పడే ఒక్క ఓటు

భోజనాల వేళకి చీటీల లెక్క తేలింది.

ఊరి గుమాస్తా రూత్‌యాన్ కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. మార్చిలో ఆ ఒక్కరోజూ ఊరంతా స్కూలు హాల్లో చేరి, రోడ్ల గురించీ పన్నుల గురించీ గొంతులు పోయేలా పోట్లాడుకుని, బోర్డు మెంబర్లని ఎన్నుకుని, ఆ తరవాత అందరూ కలిసి భోంచేస్తారు. చీటీ మీద ఎవరి పేరైనా రాయొచ్చు. ఆ స్వేచ్ఛని ఊరు బాగానే వాడుకుంటుంది.

గెలిచినవాళ్ళ పేర్లయ్యాక రూత్‌యాన్ మిగతావి చదివింది.

"టటిల్ వాళ్ళ ఆవుకి మూడు. డార్లీన్ కింబల్‌కి ఒకటి."

హాలంతా నవ్వింది. డార్లీన్ కూడా నవ్వింది. ఏటా ఇదే వరస.

డార్లీన్ పొద్దున స్కూలు బస్సు నడిపేది. మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూచుని జిల్లా వారపత్రికకి రాసేది. గవర్నర్ ప్రసంగం దగ్గర మొదలెట్టి తన కోళ్ళ దగ్గర తేలేది. మొగుడి గురక, బస్సులో పిల్లల తగువులు, తమ వెర్మాంట్ రాష్ట్రపు బురద రోడ్లు, అన్నీ ఆ కాలమ్‌లోకి వచ్చేసేవి.

ఆ ఓటు ఎవరిదో ఆమెకి బాగా తెలుసు. మొగుడు లీలండ్‌ది. నోరు తెరిచి ప్రేమ చెప్పడం చేతకాని మనిషి కాబట్టి ఇలా చీటీ మీద రాస్తున్నాడు. అందుకే ప్రతి ఏడూ ఆ సాయంత్రం అతనికి ఇష్టంగా 'ఆపిల్ పై', అదే ఆపిల్ ముక్కలు కూరిన తీపి రొట్టె, చేసి పెట్టేది. ఎందుకని అతను అడిగేవాడు కాదు. శుభ్రంగా తినేవాడు.

అయితే మొగుడి ఓటు లెక్కలోకి రాదు కదా. తను రాసింది ఇంటి గడప దాటి ఒక్క మనిషినైనా తాకిందా అన్నదే ఆమె దిగులు.

తాకలేదని ప్రతి గురువారం రుజువు చెయ్యడానికి కపుటో ఉండనే ఉన్నాడు.

కపుటో న్యూజెర్సీ నుంచి వచ్చి ఆ ఊళ్ళో పన్నెండేళ్ళుగా ఉంటున్నాడు. అయినా ఊరికి ఆయన ఇంకా 'కొత్తాయనే'. పత్రిక వచ్చే రోజున ఊరి కొట్లో కాఫీ పొయ్యి పక్కనే కాపు కాసేవాడు.

"రచయిత్రి గారూ, ఈ వారం కూడా తప్పే రాశారు," అనేవాడు.

పన్నుల మీద ఆమె ఎడ్డెమంటే ఆయన తెడ్డెం. ఎన్నికల్లో ఆమె వాకిట్లో ఒక పార్టీ బోర్డు ఉంటే ఆయన వాకిట్లో రెండో పార్టీది. ఆమె కూడా ఊరుకునేది కాదు. 'జెర్సీ పెద్దమనిషి' అని కాలమ్‌లో నాలుగు చురకలు వేసేది. ఊరు చదివి నవ్వుకునేది. ఆయన కూడా నవ్వేవాడు, కాస్త ఆలస్యంగా.

ఒకసారి మంచు తోసే బండికి రెండో డ్రైవరు దండగని రాసింది. కపుటో పోట్లాటకి దిగాడు. ఉన్న ఆ ఒక్క డ్రైవరు పక్కన ఒక్క పూట కూచుని చూడండి, ఆ తరవాత మాట్లాడండి అన్నాడు. పంతానికి వెళ్ళి కూచుంది. స్టీరింగ్ మీద కునికిపాట్లు పడుతున్న ఆ డ్రైవర్ని చూసి, తప్పు నాదేనని మరుసటి వారం రాసేసింది.

ఆ గురువారం కపుటో గొంతు తగ్గింది.

"ఇన్నేళ్ళలో కుర్చీలో కూచున్నవాడు ఒక్కడైనా తప్పు నాదే అనగా నేను వినలేదండీ."

"నాకు కుర్చీ లేదుగా కపుటో గారూ. అందుకే తేలిగ్గా అనేశాను."

"అదేగా నా బాధ," అని ఆయన కాఫీ పోసుకున్నాడు.

ఆ ఏడాది శరదృతువులో ఆమెకి విసుగు పుట్టింది. ఎవరూ చదవడం లేదు, మానేస్తానంది. కపుటో కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"మీరు మానేస్తే గురువారాలు నేనెవరితో పోట్లాడను?"

పోనీ, ఈయన కాలక్షేపానికైనా పనికొచ్చానని ఆమె నవ్వేసింది.

జనవరిలో కపుటో పోయాడు. గుండెపోటు. చర్చిలో మనుషులు పలచగా ఉన్నారు. డార్లీన్ వెనక వరసలో కూచుంది. ఆ తరవాత గురువారాలు కొట్లో కాఫీ తాగాలనిపించలేదు. ఇంత ఖాళీగా ఎందుకుందో ఆమెకే అర్థం కాలేదు.

మార్చి వచ్చింది. ఈసారి ఆమె మనసులో ఒక ఒట్టు పెట్టుకుని హాలుకి వెళ్ళింది. లీలండ్ ఓటు కాక ఇంకొక్కటి, ఇంటి బయటి నుంచి ఒక్కటంటే ఒక్కటి పడితే రాస్తుంది. లేకపోతే ఇంతటితో సరి.

రూత్‌యాన్ గెలిచినవాళ్ళ పేర్లు చదివింది. ఆవుకి అయిదు పడ్డాయంది. కాగితం మడిచేసింది.

డార్లీన్ పేరే లేదు.

ఎవరూ నవ్వలేదు, ఎవరూ గమనించలేదు కూడా. ట్రక్కులో కూచున్నాక ఆమె మొగుడి వైపు తిరిగింది.

"నీ మీద పోయిన వారం రాసింది చదివి అలిగావా? ఈసారి ఓటు కూడా వెయ్యలేదు."

లీలండ్ తాళం తిప్పబోయి ఆగాడు.

"నేనెప్పుడూ నీకు వెయ్యలేదు డార్లీన్. నువ్వు బోర్డులో చేరితే నాకు ఇంట్లో దొరకవని."

"మరి ఇన్నేళ్ళూ ఆపిల్ పై ఎందుకు తిన్నావు?"

"పెట్టావు, తిన్నాను."

ఆమెకి కోపం రాలేదు. హాల్లోంచి జనం బురద తొక్కుకుంటూ బయటికి వస్తున్నారు. ఒక్కొక్క మొహాన్నే చూసింది. అందరూ పోయినేడు వచ్చినవాళ్ళే.

పోయినేడు ఓటేసి ఈ ఏడు వెయ్యడానికి లేనివాడు ఊరు మొత్తానికి కొత్తాయన ఒక్కడే.