పాత పైపుల కవరు

"పాతయన్నీ ఏసినవా అన్నా?" కవరు విప్పుతూ రాహేలు అడిగింది.

మార్చిన సామాను బండిగలవాళ్ల చేతికే ఇవ్వడం అలియాబాద్ మెకానిక్ గిడియోన్ పద్ధతి. కవర్లో చీలిన వాక్యూమ్ పైపులు, ఎండిపోయిన గాస్కెట్లు ఉన్నాయి.

"అన్నీ ఏసిన చెల్లే."

"మా ఆయనకు సూపిస్త. గండిమైసమ్మ కాడ ముసలామెను గుద్దినకాడికెల్లి కారు ముడ్తలేడు. ఎంత తొక్కినా బ్రేకు పడలే, నా కాల్లనే సత్తువ లేదని ఏడుస్తుండు."

గిడియోన్ చేతులు తుడుచుకున్నాడు.

"నువ్వు ప్రార్థన జేసేటోనివి, అబద్ధమాడవు" అని ఆమె కారెక్కింది.

బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పైపు మాత్రం గిడియోన్ జేబులోనే ఉంది. ఆ ప్రమాదానికి ముందు, "నెల నడుస్తది తియ్" అంటూ దాని పగులుకు అతను చుట్టిన టేపు ఊడి వేలాడుతోంది.